సైన్సు క్లబ్బును ఊరి యువజన సంఘం చేతికివ్వండి



ప్రభుత్వ పాఠశాలల్లో ఐదేళ్లలో మరో 50,000 అటల్ టింకరింగ్ ల్యాబులు పెడతామని కేంద్రం 2025–26 బడ్జెట్‌లో ప్రకటించింది. మంచి నిర్ణయం. 2016లో మొదలైన ఈ పథకం కింద ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లలు సెన్సార్లు, మోటార్లు, త్రీడీ ప్రింటరు స్వయంగా పట్టుకుని పనిచేయాలన్నది ఉద్దేశం. కానీ నేను చూసిన చాలా బడుల్లో ఆ గది తాళం తనిఖీ నాడో, సైన్సు ఫెయిర్ ముందు వారమో తప్ప తీయరు. ఇందులో మాస్టర్ల తప్పేమీ లేదు. ఒక మల్టీమీటర్ కాలిపోతే స్టాకు రిజిస్టరులో ఏమని రాయాలి? ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పుకోవాలి? సిలబస్ ఎంతవరకు వచ్చిందని పైనుంచి అడుగుతారు గానీ, ఈ నెలలో ల్యాబు ఎన్నిసార్లు తెరిచారని అడిగేవారు లేరు.

ఒకవేళ తెరిచినా, బడి వదిలిన వాళ్ల సంగతేమిటి? ఇంటర్‌లో చేరిన వాళ్లకు ఎప్‌సెట్, నీట్ తప్ప లోకం లేదు. ఐటీఐలో చేరినవాడు, చదువు ఆపి మోటారు వైండింగ్ షాపులో కుదిరినవాడు, డిగ్రీ అయ్యి ఊళ్లో ఖాళీగా ఉన్నవాడు మన సైన్సు పథకాల లెక్కలోనే లేరు. అసలు పనిముట్ల మీద ప్రేమ పుట్టేది ఆ వయసులోనే. అందుకే సైన్సు, ఇంజినీరింగ్ క్లబ్బులు ఊరి యువజన సంఘాల్లో ఉండాలంటున్నాను. నెహ్రూ యువ కేంద్రాలు 1972 నుంచి ఈ సంఘాలను ప్రోత్సహిస్తూ వచ్చాయి. వినాయక చవితికి మండపం కట్టి, సీరియల్ బల్బులు వేసి, సౌండ్ బాక్సులు అమర్చి, చందాల లెక్క పైసాతో సహా అప్పజెప్పే కుర్రాళ్లకు ఒక క్లబ్బు నడపడం పెద్ద పనేమీ కాదు.

మా జిల్లా సంగతే చెబుతాను. నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే ఒక విధానానికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ విధానం టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లింది. నీటిలో పటిక, సున్నం వేసి ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా కలిపి కదలకుండా ఉంచితే తెల్లటి తునకలు ఏర్పడి ఫ్లోరైడ్‌తో సహా అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీళ్లు వడకట్టుకోవచ్చు. ఇంటి మట్టుకైతే ఒక బకెట్టు చాలు. మోతాదు మాత్రం నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారుతుంది. లెక్క తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. ఆ లెక్క చేయడమే రసాయన శాస్త్రం. దీన్ని చేత్తో చేసి చూసిన కుర్రాడు నల్గొండ జిల్లాలో నాకింతవరకు కనబడలేదు. బోరు నీళ్ల నమూనాలో రంగు ద్రావణం చుక్కలు వేసి, గులాబి రంగు ఎంత పసుపుకు తిరిగిందో చార్టుతో పోల్చి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిందో లేదో చెప్పడం ఇంటర్ పిల్లలు చేయగల పనే. ఊళ్లోని బోర్లన్నిటినీ ఇలా పరీక్షించి పంచాయతీ గోడ మీద పట్టిక అతికించిన సంఘాన్ని ఊరు మరిచిపోతుందా? మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారి 1937లో గుర్తించింది కూడా అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే నేటి ప్రకాశం ప్రాంతంలోనే. రెండు తెలుగు రాష్ట్రాల యువకులకూ ఇది సొంత సమస్య.

ప్రతిసారీ ఇంత పెద్ద పనే అక్కర్లేదు. మాడిపోయిన ఎల్ఈడీ బల్బు మూత ఊడదీసి చూడమనండి. లోపల పలక మీద గింజల్లాంటి చిప్పులు వరుసగా ఉంటాయి. చాలాసార్లు వాటిలో ఒక్కదాని మీదే నల్ల చుక్క కనబడుతుంది. అది తెగిపోవడంతో మిగతావన్నీ బాగున్నా బల్బు వెలగదు. శ్రేణి సంధానం, సమాంతర సంధానం తేడాలు పరీక్షలో నాలుగు మార్కులకు రాసిన పిల్ల అప్పుడు ‘ఓహో, ఇదా!’ అంటుంది. ఆ మాట వినడానికి ల్యాబుకు 20 లక్షలు కావాలా?

చింతకింది మల్లేశం గారిని గుర్తు చేయాలి. బడి మధ్యలోనే మానేసిన చేనేత కుటుంబం బిడ్డ. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడిస్తూ ఆసు పోసే తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి అప్పులు చేసి, ఎగతాళి భరించి 1999 నాటికి లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనను మనం పొగుడుతాం, సినిమా కూడా తీశాం. కానీ నలుగురు తోటివాళ్లు, ఒక పనిముట్ల పెట్టె, సర్క్యూట్ తెలిసిన ఒక పెద్దమనిషి దగ్గరలో ఉంటే అన్నేళ్ల ఒంటరి యాతన తగ్గేది కదా! అలాంటి పట్టుదల లేక మధ్యలో వదిలేసిన వాళ్లు ఎందరున్నారో మనకు తెలియదు.

ఆడపిల్లల విషయం ముందే ఆలోచించాలి. క్లబ్బు సాయంత్రం ఏడింటికి పెట్టారంటే వాళ్లు రారు, ఇళ్లల్లో పంపరు. ఆదివారం పొద్దున, బడి ఆవరణలో, నడిపేవాళ్లలో కనీసం ఒక మహిళ ఉండేలా చూడాలి.

ఇలాంటి ప్రయత్నాలు మనకు కొత్త కాదు. జన విజ్ఞాన వేదిక 1988 నుంచి ఊళ్లలో సైన్సు ప్రచారం చేస్తోంది, పిల్లల కోసం ‘చెకుముకి’ పత్రిక నడిపింది. దేశమంతటా సైన్సు క్లబ్బులను విప్‌నెట్ పేరిట కలిపిన విజ్ఞాన్ ప్రసార్‌ను మాత్రం కేంద్రం 2023లో మూసేసింది. అది పొరపాటు నిర్ణయమని నా గట్టి అభిప్రాయం. పై సంస్థ పోతే ఊళ్లో క్లబ్బు కూడా పోకుండా ఉండాలంటే, దాని మూలాలు ఊళ్లోనే ఉండాలి.

ప్రభుత్వాలను నేను కోరేది కొంచెమే. ఆసక్తి ఉన్న యువజన సంఘానికి పంచాయతీ భవనంలోనో, గ్రంథాలయంలోనో ఒక గది, ఒక మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, పానాల సెట్టు, నీటి పరీక్ష కిట్టు ఇవ్వండి. ఏటా కొంత సామాను విరుగుతుందని, కాలుతుందని ముందే ఒప్పుకుని, ఆ ఖర్చును రికవరీ కింద కాకుండా నేర్చుకున్నందుకు అయిన ఖర్చుగా రాయనివ్వండి. దగ్గరలోని అటల్ ల్యాబును సెలవు రోజుల్లో వీళ్లకు తెరవండి.

విద్యుత్ శాఖలో, ఆర్టీసీ గ్యారేజీల్లో, పాలిటెక్నిక్‌లలో పనిచేసి రిటైరైన వారు ప్రతి మండలంలో ఉన్నారు. వారికి నా విన్నపం: నెలకు రెండు ఆదివారాలు మీ ఊరి పిల్లలకు ఇవ్వండి. గది దొరికేదాకా ఆగవద్దు, మీ అరుగు మీదే మొదలుపెట్టండి.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
నల్గొండ జిల్లా