పొయ్యి లేని ఇల్లు మనకెందుకు?

మన్యంలో చాలా ఊళ్లలో సర్కారు కట్టించిన శ్లాబు ఇంటి పక్కనే తడికలతో అల్లిన చిన్న పాక ఉంటుంది. పొయ్యి అందులోనే. చూడటానికొచ్చిన అధికారులు "మీరింకా మారలేదు" అంటారు. మారాల్సింది మనమా, వాళ్లు గీసిన ఇంటి ప్లానా?

2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ నిబంధనల ప్రకారం ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, శుభ్రంగా వండుకునే చోటు అందులోనే ఉండాలి. కాగితం మీద చోటు ఉంది. అక్కడ కట్టెల పొయ్యి పెడితే పొగ పోయే దారేది? అడిగితే "గ్యాస్ ఇచ్చాం కదా" అంటారు. బండ తెచ్చుకోవాలంటే డబ్బూ కావాలి, దారీ కావాలి. రెండూ ఉన్నాయే అనుకుందాం. లంబసింగి చలిలో ముసలివాళ్లు గ్యాస్ పొయ్యి దగ్గర కాగుతారా? అటక కింద వేలాడదీసిన విత్తనపు కంకులకు పురుగు పట్టకుండా గ్యాస్ చూస్తుందా? మన పొయ్యి వంటకొక్కదానికే కాదు.

అలాగని పొగను పొగడలేం. ఆ పొగలో కళ్లు మండించుకున్నది, దగ్గు తెచ్చుకున్నది మన అమ్మలు. దాన్ని సంస్కృతి అని రాసి చేతులు దులుపుకునే మనవాళ్ల రాతలనూ ఒప్పుకోం. కట్టె కాలి విరిగితే నిప్పు జారేది తడిక మీదకో, పాకే పిల్లల మీదకో.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు పొయ్యి గట్టును పెంచండి. పొయ్యి నోటి ముందు మూరెడు, ఇరుపక్కలా జానెడు. అడుగున పలకరాళ్లు పరవండి. పుట్టమన్నులో ఊక కలిపి బాగా తొక్కి, నాలుగు వేళ్ల మందాన మెత్తండి. అంచు రెండు వేళ్లు ఎత్తు లేపితే నిప్పు దొర్లిపోదు. నీడలో ఆరనిచ్చి, పగుళ్లు పూడ్చండి. గట్టు మీద రెండు రాళ్లు పెట్టి కట్టెలను వాటికి ఆనిస్తే, కింద నుంచి గాలి ఆడి పొగ తగ్గుతుంది. పొయ్యి వైపు తడికకూ దళసరిగా మట్టి పూయండి. ఇది ఆడవాళ్ల పని అని కూర్చోకండి. మాస్టార్లూ, మూర, జాన కొలతలు చెప్పే రోజున పిల్లలతో ఒక గట్టు కట్టించండి.

గట్టు నిప్పును ఆపుతుంది. పొగను పూర్తిగా ఆపదు. దానికి పొగగొట్టం ఉన్న వంటగది కావాలి, అది ఇంటి అంచనాలోనే ఉండాలి. 2023లో మొదలైన పీఎం జన్‌మన్‌లో ఆదిమ తెగల ఇంటికి 2 లక్షల రూపాయలు అన్నారు. అందులో పొగగొట్టానికి చోటు లేదంటే ఎలా నమ్ముతాం? ఇంటి కాగితం మీద సంతకం పెట్టే ముందు గ్రామసభలో లేచి అడుగుదాం: పొయ్యి ఎక్కడ పెట్టాలి, పొగ ఎటు పోవాలి? ప్లాను మీద అది గీసి చూపించాకే పునాది తవ్వనిద్దాం.