అంబులపొది లెక్క

మొన్న ఆదివారం భోజనాలయ్యాక టీవీలో ఏదో రాజుల కాలం సినిమా వస్తోంది. హీరో చుట్టూ నలభై మంది కత్తులు దూసి నిలబడ్డారు. ఒకడు వస్తున్నాడు, తన్నులు తిని పడుతున్నాడు, ఆ తర్వాతే రెండోవాడు కదులుతున్నాడు. పక్కన కూర్చున్న మా పదేళ్ల మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, మిగతావాళ్లు ఎందుకు ఆగారు? లైన్లో ఉన్నారా?" రేషన్ షాపు ముందు కూడా అంత క్రమశిక్షణ నేనెప్పుడూ చూడలేదు. ఏం చెప్పాలో తోచక "సినిమా కదరా" అన్నాను. వాడు ఒప్పుకోలేదు. తమాషా ఏమిటంటే, అంతకు ముందే హీరో కోటగోడ ఎత్తున గాల్లోకి ఎగిరాడు. అప్పుడు వీడు కిక్కురుమనలేదు.

కల్పన అన్నాక ఏదైనా చెల్లుతుంది, లాజిక్ వెతకొద్దు అనేవాళ్లతో నా పేచీ ఇక్కడే. ఎగిరే గుర్రాన్ని పసిపిల్లలు కూడా నమ్ముతారు. బుర్రలేని శత్రువును మాత్రం నమ్మరు. వీరుడు పదిమందిని కొట్టాడా, పదివేల మందినా అన్నది మనకు పెద్ద పట్టింపు కాదు. ఎదుటివాడు తన ప్రాణం కాపాడుకోవడానికి తెలివి వాడుతున్నాడా, కొట్టినందుకు వీరుడికి ఏమైనా ఖర్చయిందా అని చూస్తాం. ఈ ఖర్చు రాసే కథకులు బహు తక్కువ.

టోల్కీన్ రాశాడు. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో హెల్మ్స్ డీప్ కోట దగ్గర రాత్రంతా యుద్ధం. ఎల్ఫ్ జాతి విలుకాడు లెగోలాస్, మరుగుజ్జు జాతి గిమ్లీ పందెం వేసుకుంటారు, ఎవరు ఎక్కువ మందిని కూలుస్తారో అని. ఆఖరికి గిమ్లీ 42, లెగోలాస్ 41. వింటే ఒట్టి కోతల్లాగే ఉంటుంది. అయితే ఆ నలభై రెండోవాడి మెడకు ఇనప పట్టీ ఉంది, దానికి తగిలి గిమ్లీ గొడ్డలి అంచు దెబ్బతింది. లెగోలాస్ అంబులపొది మధ్యలోనే ఖాళీ అయింది, బాణాల కోసం వెతుక్కోవలసి వచ్చింది. ఆ చెడిన అంచు చూశాక నలభై రెండూ నమ్మేశాను నేను. 1916లో సోమ్ యుద్ధరంగంలో సిగ్నల్స్ ఆఫీసరుగా పనిచేసిన మనిషి టోల్కీన్. యుద్ధంలో సరుకు అయిపోవడం అంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం రాలేదు.

అదే లెగోలాస్ 2003లో వచ్చిన మూడో సినిమాలో కొండంత ఏనుగు మీదికి పాకి, అంబారీతో సహా సైనికుల్ని కింద పడేసి, ఆ జంతువును ఒంటిచేత్తో చంపి, తొండం మీదుగా జారి దిగుతాడు. పుస్తకంలో ఆ ఘట్టం లేదు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, నేనూ చప్పట్లు కొట్టినవాణ్నే. కాకపోతే ఆ తర్వాత ఆయన ఏ ఆపదలో ఉన్నా నాకు భయం వేయడం మానేసింది.

మన 'బాహుబలి' రెండు భాగాల మధ్యా ఇదే తేడా. 2015 నాటి మొదటి భాగంలో మంచి ఆయుధాలన్నీ భల్లాలదేవుడి వాటాకు పోతాయి. చేతిలో సరంజామా చాలక బాహుబలి పెద్ద పెద్ద గుడ్డల్ని కాలకేయుల మీదికి విసిరించి నిప్పు పెట్టిస్తాడు. లేమిలోంచి పుట్టిన ఉపాయం కాబట్టి నమ్మాం. 2017 నాటి రెండో భాగానికి వచ్చేసరికి తాటిచెట్లు వంచి, డాళ్లు కప్పుకున్న సైనికుల్ని గుండులా చుట్టి కోటలోకి విసిరారు. తాటిచెట్టు అంత వంగుతుందా అని నేను అడగను. అంత ఎత్తు నుంచి పడినవాళ్లలో ఒక్కడైనా మోకాలు పట్టుకుని కూర్చోవద్దా?

ఖర్చు రాసే ఈ విద్య మనకు కొత్తదేం కాదు. పద్మవ్యూహంలో అభిమన్యుడు ఒక్కడు, చుట్టూ మహారథులు. లైన్లో నిలబడి ఒక్కొక్కరే రాలేదు వాళ్లు. ఈ కుర్రాణ్ని ఎలా ఆపాలని కర్ణుడు ద్రోణుణ్ని అడిగాడు. ఆయన పద్ధతి చెప్పాడు: ముందు విల్లు విరగ్గొట్టండి, గుర్రాల్ని చంపండి, సారథుల్ని పడగొట్టండి. అన్నంతా చేశారు. అధర్మమే, కానీ తెలివైన అధర్మం. విల్లు పోయాక కత్తి, డాలు, అవీ పోయాక రథచక్రం, చివరికి గద. ఒక్కో ఆయుధం చేజారిన కొద్దీ పిల్లవాడు మన కళ్లలో పెరుగుతూ పోతాడు. శత్రువును మందమతిని చేసి ఉంటే అభిమన్యుడి పేరు ఈపాటికి ఎవరికీ గుర్తుండేది కాదు.

అర్జునుడి సంగతి ఇంకా విచిత్రం. అన్ని బాణాలు ఎక్కడివి అని పిల్లలు అడుగుతారని వ్యాసుడికి ముందే తెలుసు కాబోలు. ఆదిపర్వంలోనే, ఖాండవ దహనానికి ముందు, అగ్ని కోరితే వరుణుడి చేత గాండీవం, రెండు అక్షయ తూణీరాలు ఇప్పించేశాడు. ఎంత తీసినా తరగనివి. ఇంక పద్దెనిమిది రోజులూ అడిగేవాడు లేడు. మామూలు కథకుడైతే కురుక్షేత్రం గెలిచాక ఆ తూణీరాలను మర్చిపోయేవాడు. వ్యాసుడు మర్చిపోలేదు, మౌసల పర్వం దాకా మోసుకొచ్చాడు.

కృష్ణుడు వెళ్లిపోయాడు. ద్వారకలో మిగిలిన ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను వెంటబెట్టుకుని అర్జునుడు బయల్దేరాడు. పంచనదం దగ్గర దొంగలు మీద పడ్డారు. మహారథులెవరూ కాదు, కర్రలు పట్టుకున్న ఆభీరులు. గాండీవం ఎక్కుపెట్టడమే కష్టమైంది. అస్త్రాలు గుర్తుకు రాలేదు. ఉన్న బాణాలు వేస్తూ పోతే తూణీరాల్లో చెయ్యి అడుక్కి తగిలింది. అప్పుడు విల్లు తిరగేసి, వింటికొప్పుతో కొట్టడం మొదలుపెట్టాడు. ఆయన చూస్తుండగానే వాళ్లు ఆడవాళ్లను లాక్కుపోయారు.