ఒక్క టిక్కు దగ్గర ఆగిన సందేశం

 

ఇటీవల ఒకనాడు ఫజ్ర్ నమాజు ముగిసి పిల్లలు పాఠాలకు కూర్చునే వేళకు, మా మదర్సాలో చదివే ఒక బాలుని తల్లి గుమ్మం వద్ద నిలబడి ఉన్నారు. రాత్రంతా నిద్ర లేని కళ్లు. ఆమె భర్త లారీ డ్రైవరు. మార్కాపురం పలకరాయి సరుకుతో నంద్యాల వైపు బయలుదేరాడు. రాత్రి చిన్నబిడ్డకు జ్వరం వచ్చిందని ఆమె వాట్సాప్‌లో సందేశం పంపితే, తెల్లవారినా దాని పక్కన ఒక్క టిక్కే ఉంది.

“కావాలనే ఫోను కట్టేశారు హజ్రత్! మొన్న మా ఇద్దరికీ మాటామాటా వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు. బిడ్డకు జ్వరమన్నా పలకని మనిషితో ఎలా బతకాలి? మా అన్నలు పెద్దలను పిలుస్తామంటున్నారు” అన్నారామె.

“జుహర్ వరకు ఆగమ్మా. ముందు బిడ్డను డాక్టరుకు చూపించు” అన్నాను. జుహర్ కాకముందే భర్త నుంచి ఫోను వచ్చింది. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కాక లారీ చెడిపోయింది. అడవిలో సిగ్నల్ లేదు. కొండ దిగగానే రాత్రి పంపిన సందేశాలన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయట.

ఒక కుటుంబం పంచాయితీ అంచు దాకా వెళ్లింది. కారణం కోపం కాదు, సందేశం నడిచే దారి తెలియకపోవడం. ఆ దారిని ఈ నెల తెలుసుకుందాం.

ఫోనుకు అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి సున్న, ఒకటి మాత్రమే. వీటిని ‘బిట్లు’ అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. మీరు తెలుగులో ‘సలాం’ అని రాస్తే ఫోను దానిని స, ల, దీర్ఘం, సున్న అనే నాలుగు గుర్తులుగా లెక్కిస్తుంది. ఇంటర్నెట్‌లో వాడుకలో ఉన్న పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. అంటే ఆ చిన్న మాటకు 12 బైట్లు, 96 బిట్లు.

తరువాతి పని పొట్లాలు కట్టడం. పాత టెలిఫోనులో మనం మాట్లాడినంతసేపూ ఒక దారి మొత్తం మన కోసమే కేటాయించి ఉండేది. మౌనంగా ఉన్నా అది మరొకరికి దక్కేది కాదు. 1960వ దశకంలో అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ వేర్వేరుగా ఒక ఉపాయం ఆలోచించారు. సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కపై చిరునామా రాసి పంపితే, ఒకే దారిని ఎందరో పంచుకోవచ్చు. ఆ ముక్కనే ‘ప్యాకెట్’ అంటారు. సాధారణంగా ఒక ప్యాకెట్ 1500 బైట్లకు మించదు. మూడు లక్షల బైట్ల ఫొటో పంపితే అది రెండు వందలకు పైగా ప్యాకెట్లుగా బయలుదేరుతుంది. ప్రతి ముక్కకూ వరుస సంఖ్య ఉంటుంది. ముక్క చేరితే అవతలి నుంచి రసీదు వస్తుంది. రాకపోతే అదే ముక్కను మళ్లీ పంపుతారు.

ఈ ప్యాకెట్లు ఫోను నుంచి రేడియో తరంగాలపై దగ్గరలోని టవర్‌ను చేరుతాయి. గాలిలో ప్రయాణం దాదాపు అక్కడితో సరి. టవర్ నుంచి అవి భూమిలోని ఫైబర్ కేబుల్ ద్వారా గాని, టవర్‌పై కనిపించే గుండ్రని డిష్ ద్వారా గాని ముందుకు సాగుతాయి. గల్ఫ్‌లోని బిడ్డకు పంపిన మాటయితే సముద్రగర్భపు కేబుళ్లలో నడుస్తుంది. 2008 జనవరి 30న మధ్యధరా సముద్రంలో అలెగ్జాండ్రియా సమీపాన కేబుళ్లు తెగినప్పుడు, ఈజిప్టుతో పాటు గల్ఫ్ దేశాలలోనూ మన దేశంలోనూ ఇంటర్నెట్ మందగించింది.

వాట్సాప్ టిక్కులు కూడా రసీదులే. ఒక్క టిక్కు అంటే సందేశం మీ ఫోను దాటి ఆ సంస్థ సర్వర్‌కు చేరింది. రెండు టిక్కులు అంటే అవతలి ఫోనుకు అందింది. అవి నీలంగా మారితే, ఆ సంభాషణను తెరిచారని అర్థం. నీలం రాకుండా సెట్టింగ్‌లలో ఆపుకునే వీలు కూడా ఉంది. అవతలి ఫోను అందుబాటులో లేకపోతే సర్వర్ ఆ సందేశాన్ని 30 రోజుల వరకు అమానత్‌గా ఉంచుతుంది. ఆ సోదరి సందేశం రాత్రంతా ఉన్నది అక్కడే. భర్త మనసులో కాదు.

“సిగ్నల్ గీతలన్నీ ఉన్నాయి, అయినా నెట్ నడవదేమి?” అని కొందరు అడుగుతారు. ఆ గీతలు టవర్ తరంగం మీ ఫోనుకు ఎంత బలంగా అందుతోందో చెబుతాయి. మీ వాటా ఎంతో చెప్పవు. కంభం చెరువు నిండుగా ఉన్నా, ఒకే కాలువ కింద రైతులందరూ ఒకేసారి మడికి నీరు పెడితే ధార సన్నగిల్లదా? పండుగనాడు ఊరంతా వీడియో కాల్ చేస్తే జరిగేది అదే.

మరొక తేడా గమనించండి. రాసి పంపిన మాటలో ముక్క పోతే ఫోను మళ్లీ తెప్పిస్తుంది. అందుకే అది ఆలస్యమవుతుంది గాని మధ్యలో అక్షరాలు రాలిపోవు. నెట్ ద్వారా చేసే కాల్‌లో అలా ఆగి తెప్పించే వ్యవధి ఉండదు. పోయిన ముక్కను వదిలేసి ముందుకు సాగుతుంది. మాట మధ్యలో తెగితే అవతలివారు విసుక్కుని మానేశారని అనుకోకండి.

సిగ్నల్ సన్నగా ఉన్నచోట ఫొటో, వీడియో బదులు ఎస్సెమ్మెస్ పంపండి. దానికి డేటా అవసరం లేదు. ఒక ఎస్సెమ్మెస్‌లో 140 బైట్లే పడతాయి: ఇంగ్లీషులో 160 అక్షరాలు, తెలుగులో 70 గుర్తులు. గుణింతాలు, వత్తులు కూడా లెక్కలోకి వస్తాయి కనుక క్లుప్తంగా రాయండి. గిద్దలూరు–నంద్యాల ఘాట్ గాని, దోర్నాల–శ్రీశైలం ఘాట్ గాని ఎక్కేవారు ముందే ఇంటికి ఒక మాట చెప్పండి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే జవాబు కోసం ఎదురుచూడక పొరుగువారి సాయంతో ఆసుపత్రికి వెళ్లండి.

అల్‌హుజురాత్ సూరా 12వ ఆయత్ అతిగా అనుమానించడానికి దూరంగా ఉండమని విశ్వాసులను ఆదేశిస్తోంది. ఆ ఆదేశం ఫోను తెరకూ వర్తిస్తుంది. ఒక్క టిక్కు చూసినప్పుడు మనకు తెలిసింది ఒక్కటే: సందేశం ఇంకా చేరలేదు. ఎందుకు చేరలేదో అది చెప్పదు.

ఇప్పుడు ఆ డ్రైవరు ప్రతి ప్రయాణంలోనూ ఘాట్ ఎక్కే ముందు బండి ఆపి ఇంటికి ఫోను చేస్తున్నాడు. కొండ దిగాక మరోసారి చేస్తాడు. ఆ రెండు కాల్‌ల మధ్య ఫోను పలకకపోయినా ఇంట్లో ఎవరూ కంగారుపడడం లేదు, అల్‌హమ్దులిల్లాహ్.