శార్వరిలో సంకల్పం

సంవత్సరాలకు పేర్లు పెట్టినవారు ఈ విపత్తును ఊహించి పెట్టలేదు గాని, ‘శార్వరి’ అనే మాటకు రాత్రి అని అర్థం. 2020 మార్చి 25న ఉగాది నాడు వికారి వెళ్లి శార్వరి వచ్చింది. ఆనాడే దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. దేవాలయ ప్రాంగణాలలో పంచాంగ శ్రవణానికి జనం కూడే వీలు లేకపోయింది. తిరుమలలో అంతకు ముందే, మార్చి 20 నుండి, భక్తుల దర్శనాలు ఆగాయి. ఏప్రిల్ 2న భద్రాద్రి రాముని కల్యాణం భక్తజనం లేకుండానే జరిగింది. అప్పటికి తుంగతుర్తి వాసులకు వ్యాధి అంటే విదేశాల సంగతి, మహా అయితే హైదరాబాదు సంగతి. ఏప్రిల్ నెలలో అది ఇంచుమించు 40 కిలోమీటర్ల దూరంలోని సూర్యాపేట కూరగాయల మార్కెట్టు దాకా వచ్చింది. మూడవ వారం ముగిసేనాటికి జిల్లాలో బాధితుల సంఖ్య 80 దాటింది. వంకాయలు తెచ్చిన సంచిని గడప బయట పెట్టి, దాని వంక చూస్తూ నిలబడే స్థితి పల్లెటింటికి కూడా వచ్చింది.

ఈ ప్రాంతపు పెద్దలు కలరాను ‘గత్తర’ అనేవారు. ఇప్పటి పిల్లలలో చాలామందికి ఆ అర్థం తెలియదు. వారి వాడుకలో గత్తర అంటే కలవరం, గందరగోళం. ఒకనాడు వ్యాధికి పేరైన మాట, వ్యాధి వెళ్లిపోయిన తరువాత, అది పుట్టించిన కల్లోలానికి పేరుగా మిగిలింది. నిఘంటుకారునికి ఇది అర్థవిపరిణామం మాత్రమే. కాని అనుభవం మీద మాట్లాడిన గ్రామీణుని నాలుక రెండింటినీ ఒకే పదంలో మోసినదంటే, అవి ఒకదానిని వదిలి ఒకటి వచ్చేవి కావని అతనికి తెలుసు.

యోగవాసిష్ఠం ఆ రెండింటినీ విడదీసి చూపింది. మనోదుఃఖం ఆధి, దేహదుఃఖం వ్యాధి. నిర్వాణ ప్రకరణంలోని చూడాలోపాఖ్యానంలో ఈ విచారణ విస్తారంగా ఉన్నది. ఆధి చేత చిత్తం క్షోభిస్తే ప్రాణాలు తమ మార్గం తప్పుతాయి. నాడులు వైషమ్యం పొందుతాయి. తిన్న అన్నం జీర్ణం కాదు. ఆ అజీర్ణమే దేహంలో వ్యాధిగా పరిణమిస్తుంది. ఈ భాగాన్ని చదివి, ‘కనుక ధ్యానం చేసేవానికి మహమ్మారి సోకదు’ అని చెప్పేవారు ఆ నెలలో చాలామంది బయలుదేరారు. అది ఆ గ్రంథం చెప్పిన మాట కాదు. ఔషధద్రవ్యాల చేత, వైద్యశాస్త్రం చెప్పిన చికిత్స చేత తొలగే వ్యాధులను ఆ గ్రంథం అంగీకరించింది. సాధన ఆధికి మందు. వ్యాధికి మందు వైద్యుని వద్ద ఉన్నది. ఇంకా కనుగొనవలసి ఉంటే, ఆ వెతుకులాట కూడా వైద్యునిదే. ఈ హద్దు చెరిపివేస్తే రెండు నష్టాలు. సాధకుడు జాగ్రత్త మానుతాడు. రేపు అతనికి జ్వరం వస్తే తన భక్తిలోనే లోపమున్నదని కుమిలిపోతాడు. రెండవది మొదటిదాని కంటే క్రూరమైనది.

భయానికి ఒక నేర్పు ఉన్నది: అది శాస్త్రభాషలో మాట్లాడగలదు. భగవద్గీత మొదటి అధ్యాయాన్ని విషాదఘట్టంగా చదివి ముందుకు సాగేవారే ఎక్కువ. నిలిచి చదివితే, అవయవాలు సడలి, నోరు ఎండి, గాండీవం జారిపోతున్న స్థితిలో అర్జునుడు మౌనంగా లేడని తెలుస్తుంది. కులధర్మాలు, పితృకర్మలు, పాపం, నరకం అన్నీ వల్లించాడు. విడివిడిగా చూస్తే అవి ధర్మశాస్త్రంలో ఉన్న మాటలే. కాని వాటిని పలికిస్తున్నది వణకుతున్న శరీరం. రెండవ అధ్యాయంలో ధర్మం విషయంలో తన చిత్తం మూఢమైనదని ఒప్పుకొని శిష్యుడనన్న తరువాతనే ఉపదేశం ఆరంభమైంది. అంటే తెలియదని ఒప్పుకోవడం అతనికి మొదటి ఊరట అయింది.

ఆ నెలలో సెల్‌ఫోన్లలో తిరిగిన సందేశాలను ఆ వెలుగులో చూడాలి. ఈ వ్యాధి పేరు బ్రహ్మంగారి కాలజ్ఞానంలో ముందే ఉన్నదని ఒకటి. వేల ఏళ్ల నాటి ఒక సంహితలో దీని శ్లోకమున్నదని మరొకటి. పంపేవారిలో దురుద్దేశం లేదు. తెలియనిదాన్ని ఎవరో ఒకరు ముందే తెలుసుకొని ఉన్నారని నమ్మితే కొంత నిశ్చింత. ఆ నిశ్చింత తరువాతి సందేశం వచ్చేవరకే నిలుస్తుంది. మహాత్ముల వాక్కుపై గౌరవమున్నవారు వారి పేరుతో పద్యాలు కల్పించడాన్ని సహించరాదు. ఇంకొక మాట: ముందే చెప్పబడినదని తేలినా, ఈ సాయంకాలం ఇంట్లో దగ్గుతున్న తండ్రికి ఏమి చేయాలో ఆ పద్యం చెప్పదు. కొందరు టీవీ తెర క్రింద నడిచే సంఖ్యలను త్రికాల సంధ్య వలె మూడు పూటలా ఉపాసించారు. ఆ సంధ్యలో అర్ఘ్యమూ లేదు, జపమూ లేదు, విరామమూ లేదు.

ప్రాచీనులకు ఇటువంటి కాలం క్రొత్త కాదు. చరకసంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయం జనపదోద్ధ్వంసాన్ని గురించినది. గంగాతీరంలోని కాంపిల్యంలో పునర్వసు ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశునితో మాట్లాడుతుంటాడు. ఆహారం, దేహబలం, వయస్సు వేరు వేరుగా ఉన్న మనుష్యులు ఒకే వ్యాధితో ఒకేసారి ఎట్లా నశిస్తారన్నది శిష్యుని ప్రశ్న. అందరికీ సామాన్యమైనవి నాలుగు, అవి వాయువు, ఉదకం, దేశం, కాలం. అవి చెడితే జనపదమే చెడుతుందని గురువు సమాధానం. ఓషధులు వాటి సారం కోల్పోక ముందే సేకరించి పెట్టుకొమ్మని కూడా చెప్పాడు. చికిత్సలు చెప్పిన తరువాత, అటువంటి కాలంలో ఆయుస్సును కాపాడే ఆచరణలను చెప్పాడు. ఆ క్రమం పరిశీలించదగినది. మొట్టమొదట సత్యం. ఆపైన భూతదయ. ఆపైన దానం. దేవతార్చన వాటి తరువాత వచ్చింది. దాని వెనుక సద్వృత్తం, ప్రశమం, తన్ను తాను రక్షించుకోవడం. మహమ్మారి కాలంలో సత్యం ఎందుకు మొదటి మందు అయిందో, వదంతుల మధ్య బ్రతుకుతున్న ఈ తరానికి వివరించనక్కర లేదు. ప్రయాణం చేసి వచ్చిన సంగతి దాచినవాడు, జ్వరం దాచినవాడు ఆ మొదటి మందునే పారబోశాడు.

భూతదయ రెండవది. మార్చి చివరి వారంలో తెలంగాణ పల్లెలు అనేకం పొలిమేరలలో ముళ్లకంపలు, బండరాళ్లు అడ్డం పెట్టుకున్నాయి. తన ఊరిని కాపాడుకోవాలనే తలంపులో తప్పులేదు. కాని కంపకు అవతల ఎండలో నిలబడినవాడు పట్నం నుండి నడిచి వచ్చిన ఆ ఊరి బిడ్డే అయితే? అతనిని వెంటనే ఇంట్లోకి రానివ్వరాదు, వైద్యసిబ్బందికి తెలపాలి, విడిగా ఉంచాలి. నీళ్లు, అన్నం, మంచి మాట అందించడానికి మాత్రం ఏ అడ్డంకీ లేదు. కంప వ్యాధిని ఆపడానికి వేసినది. అది మాటను కూడా ఆపితే, ఊరిలోకి ఆధి అప్పటికే వచ్చినట్లు.

ఇక్కడ ఒక అపభ్రంశాన్ని ఖండించక తప్పదు. వైద్యులు చెప్పే దూరం పాటింపు ‘పూర్వీకుల మడి’యే అని, లోకం ఇప్పటికి దారికి వచ్చిందని గర్వించే వ్రాతలు వచ్చాయి. మడి కర్తకు నియమం. స్నానం, శుభ్రవస్త్రం, మితభాషణం, కర్మ ముగిసేవరకు తన్ను తాను కట్టడి చేసుకోవడం దాని స్వరూపం. అది ఎదుటివాని పుట్టుకపై తీర్పు కాదు. దానిని తీర్పుగా మార్చిన కాలాలు ఉన్నాయి. ఆ మార్పు వలన ఎవరు ఎక్కడ, ఎంత దూరంలో, ఎన్ని తరాలు నిలబడవలసి వచ్చిందో తుంగతుర్తి పల్లెలలో ఎవరికీ చెప్పనవసరం లేదు. ఆనాటి ఆరడుగుల దూరం రెండు వైపులా సమానం. అర్చకుడు కూలివాని నుండి ఎంత దూరం ఉండాలో, కూలివాడు అర్చకుని నుండి అంతే. వీధులు ఊడ్చి బ్లీచింగ్ చల్లుతున్న కార్మికుడు ఇంటి ముందుకు వచ్చినప్పుడు తలుపు మూసి, దానికి మడి అని పేరు పెట్టడం అధర్మం.

ఇంత చెప్పినా ఆధి ఊరకే పోదు. దాని అసలు ఆకలి ఒక్కటే: రేపు ఏమౌతుందో తెలియాలి. వ్యాధి ఎన్నాళ్లుంటుంది, పని దొరుకుతుందా, పెళ్లి ముహూర్తం నిలుస్తుందా, ముంబయిలోనో గల్ఫ్‌లోనో చిక్కుకున్న కొడుకు ఎప్పుడు వస్తాడు? వీటికి నిజమైన సమాధానం ఇవ్వగలవారు ఆనాడు ఎవరూ లేరు. మరి సంప్రదాయం ఏమి ఇచ్చింది? ఏ పూజకైనా ముందు చెప్పే సంకల్పాన్ని ఇచ్చింది. అతిపరిచయం వలన భక్తులు దానిని పురోహితుడు త్వరత్వరగా చదివే ఉపోద్ఘాతమనుకుంటారు. చదివేవారు కూడా అట్లాగే చదువుతున్నారనేది వేరే విచారం.

సంకల్పంలో కాలం బ్రహ్మ ద్వితీయ పరార్ధం నుండి మొదలౌతుంది. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగ ప్రథమపాదం అని దిగి, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం దగ్గర ఆగుతుంది. దేశమూ అంతే. జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణం. తుంగతుర్తిలో కూర్చున్నవానికి శ్రీశైలానికి ఈశాన్యం, కృష్ణా గోదావరుల నడిమి భూమి, చివరకు స్వగృహం. ఇంతటి విశాలమైన లెక్కలో ‘రేపు’ అనే గడి ఒక్కటి కూడా లేదు. కోట్ల సంవత్సరాల గణన ఈ తిథికి, ఈ పీటకు వచ్చి నిలుస్తుంది. అప్పుడు కర్త తన గోత్రనామాలు చెప్పి, ఒకే ఒక కర్మను, అదీ ‘యథాశక్తి’, చేస్తానని నీరు విడుస్తాడు. కోరే ఫలాలలో స్థైర్యం, ధైర్యం, అభయం ముందు, ఆయురారోగ్యాలు వెనుక. కోరేది కూడా తనకొక్కనికే కాదు, కుటుంబమందరికీ.

రేపటిని తలవకపోవడం బాధ్యతారాహిత్యం కాదా అని సందేహం. ఓషధులను ముందే సేకరించుకొమ్మన్న ఆత్రేయుని మాటలోనే సమాధానమున్నది. సేకరించడం నేటి పని. నెలకు సరిపడా బీపీ మాత్రలు తెచ్చి పెట్టుకోవడం నేటి పని. దొరకని రోజును ఊహించి ఈ రాత్రి నిద్ర మానడం పని కాదు, దానికి కర్త లేడు, ఫలమూ లేదు.

ఈ భేదం రైతు విషయంలో మరింత జాగ్రత్తగా చూడాలి. యాసంగి వరి కోతకు వచ్చింది. ఊళ్లలోనే కొనుగోలు కేంద్రాలు తెరిచి, టోకెన్ల ప్రకారం ధాన్యం తీసుకున్నారు. గోనెసంచులు అందుతాయో లేదో, హమాలీలు వస్తారో రారో తెలియదు, ఆకాశంలో అకాలమేఘం. ఈ భయం వట్టి మనోవికారం కాదు. దాని కారణం కల్లంలో కుప్పపోసి ఉన్నది. అతనికి వైరాగ్యం బోధించబూనడం పరిహాసం. మేఘం కనబడగానే టార్పాలిన్ కప్పడం అతని నేటి కర్మ. ప్రక్క కుప్పపై రెండవ చేయి వేయడం పొరుగువాని నేటి కర్మ. ప్రభుత్వం రేషన్ కార్డు ఉన్నవారికి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రకటించింది. కార్డు లేని ఇల్లు ఏదో అధికారి కంటే ముందు ప్రక్కింటివారికి తెలుస్తుంది. దానాన్ని దేవతార్చన కంటే ముందు పేర్కొన్న ఆచార్యుని మాట ఇక్కడ పనికి వస్తుంది.

అర్చకుల స్థితి గురించి ఒక్క మాట. 2020లో ధూపదీప నైవేద్య పథకం క్రింద నెలకు 6,000 రూపాయలు వచ్చే చిన్న ఆలయాలుండేవి, ఆ మాత్రం కూడా రానివీ ఉండేవి. హారతి పళ్లెం ఖాళీ, చైత్ర వైశాఖాల వివాహాలు వాయిదా. అయినా తలుపులు మూసిన ఆలయంలో వేకువనే దీపం వెలిగింది. దర్శనం ఆగినది గాని అర్చన ఆగలేదు. ఈ సంగతి తెలియక, దేవుడే తలుపు వేసుకున్నాడని దుఃఖించిన వృద్ధులు ఉన్నారు. వారికి ఇంటివారు ఈ మాట చెప్పవలసింది. వీలైతే ఆలయ గంట ఫోన్‌లో వినిపించవలసింది.

2020లో మే 6న నృసింహ జయంతి. అర్వపల్లి యోగానంద లక్ష్మీనరసింహుని సన్నిధికి, మట్టపల్లికి ప్రతి ఏడూ వెళ్లేవారు ఆసారి ఇంటనే జరుపుకోవలసి వచ్చింది. ఆ స్వామి ప్రకటమైనది పగలూ రాత్రీ కాని సంధ్యలో, ఇంటా బయటా కాని గడప మీద. కనుక పూజ ఉదయం ముగించి ఊరుకోక, ప్రదోషవేళ గడప కడిగి, పసుపు రాసి, దీపం పెట్టాలి. పెద్దవారు సంకల్పం నిదానంగా, అర్థం చెబుతూ పిల్లల చేత చెప్పించాలి. గోత్రనామాల దగ్గర దూరదేశంలో ఉన్న బిడ్డల పేర్లు మరువరాదు. పానకానికి బెల్లం, మిరియాలు సాయంకాలం దాకా ఆగక ముందే తెచ్చుకోవాలి. వచ్చి చేతులు కడుక్కొన్న తరువాతనే బెల్లం దంచాలి.