చేతికంటిన మసి ఎంతసేపుంటుంది?

రాయచూరు: తుపాకీ పేలితే తూటా ఒక్కటే బయటికి రాదు. క్యాప్‌లోని సీసం, బేరియం, యాంటిమొనీ కంటికి కనపడని రేణువులై కాల్చినవాడి చేతిమీద పడతాయి. చెయ్యి కడిగాడా, చాలావరకు పోయినట్టే. కడక్కపోయినా కొన్ని గంటల్లో రాలిపోతాయి. పక్కన నిలబడ్డవాడికీ అంటొచ్చు, అదీ తిరకాసు! నాటు తుపాకీలో కూరే మందైతే సూరేకారం, గంధకం, బొగ్గు. దాని జాడలు వేరు.

కల్బుర్గి (2015), గౌరీ లంకేశ్ (2017) హత్యల్లో వాడింది ఒకే 7.65 ఎం.ఎం. నాటు పిస్తోలని కర్ణాటక ఫోరెన్సిక్ ల్యాబు తేల్చింది తూటాలు, ఖోకాల మీది గీతలతో. ఆ గీతలు చెరగవు, మసి ఆగదు.

ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలికి రావాల్సిందేనని 2024 జులై 1న అమల్లోకొచ్చిన కొత్త చట్టం అంటోంది. ఏర్పాట్లకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది. సింధనూరు, మాన్వి క్యాంపుల్లో కాల్పులు జరిగితే నిపుణుడు వచ్చేసరికి అనుమానితుడి చేతిమీద ఏం మిగులుతుంది? ముందుగా చేరేది ఠాణా పోలీసులే. స్వాబ్ కిట్లు వాళ్ల దగ్గరే ఉండాలి.