ఐఐటీ రాలేదు, అయితే?

"ఐఐటీ వచ్చుంటే లైఫే వేరు" అనే మాట మన హాస్టల్లో వినని రోజుండదు. నిజంగా అంత తేడానా? అమెరికాలో 1976లో కాలేజీల్లో చేరినవాళ్ల సంపాదనని స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు పోల్చి చూశారు. ఒకే స్థాయి కాలేజీల్లో సీట్లొచ్చినవాళ్లలో, పెద్ద కాలేజీలో చేరినా చిన్నదాంట్లో చేరినా తర్వాత జీతాలు దాదాపు ఒకటే. పేదింటి పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ బాగా కలిసొచ్చింది.

నాకు అర్థమైంది ఇదీ: ఇంట్లోనే పరిచయాలున్నవాడికి కాలేజీ పేరుతో పనేముంది? ఎవరూ లేనివాడికే అది కావాలి. మనలో చాలామంది తమ ఇంట్లో మొదటి ఇంజనీర్లు. మనకి నిజంగా లోటైంది దారి చూపే సీనియర్లు. ఆ లోటు మనమే తీర్చొచ్చు. రేపు ఉద్యోగమొచ్చాక జూనియర్ రెఫరల్ అడిగితే, మెసేజ్ చూసి వదిలేయకండి.