కృష్ణ రేవులు - రక్షకనౌకలు

2007 జనవరిలో సింగోటము జాతరకు బయలుదేరిన యాత్రికుల పడవ మంచాలకట్ట యొద్ద శ్రీశైల జలాశయమున మునిగి సుమారు 60 మంది మృతినొందిరి. ఇట్టి దుఃఖమునుండియే ఇంగ్లండునందు రక్షకనౌక పుట్టినది. 1789లో టైను నదీముఖమున జనులు ఒడ్డుననుండి చూచుచుండగనే ఓడ పగిలి నావికులు మడియగా, సౌత్ షీల్డ్స్ పౌరులు బహుమానము ప్రకటించి అట్టి నౌకను చేయించిరి. 1824లో ఏర్పడిన అచ్చటి రక్షకనౌకా సంస్థ నేటికిని ప్రధానముగా విరాళములపైననే నడచుచున్నది. అది సేవయందు ప్రవేశపెట్టిన షానన్ తరగతి నౌక నీటిని వెనుకకు చిమ్ముచు లోతులేని చోట్లను పోగలదు; తలక్రిందైనను తానై లేచును.

అంతటి నౌక మనకక్కరలేదు. గాలి నింపిన రబ్బరు పడవ, మోటారు, తేలెడు చొక్కాలు, శిక్షణ పొందిన నలుగురు జాలరులు చాలును. జాతరలకు వేలు వెచ్చించు నల్లగొండ, మహబూబునగరు భూస్వాములీపాటి చందా నీయలేరా? వచ్చెడి సింగోటము జాతరకు మున్నే కొల్లాపురము పౌరులు సభ చేసి పూనుకొందురుగాక.